బర్రెదూడకు పొడిపాలు పోస్తే మిగిలేదెంత?

తవుడు, చెక్క, మినరల్ మిక్స్చర్ బస్తాల పక్కన దాణా దుకాణాల్లో మిల్క్ రీప్లేసర్ సంచి కూడా చేరింది. రైతులు దాన్ని దూడల పాలపొడి అనే అంటారు. కిలో పొడి నీళ్లలో కలిపితే ఏడెనిమిది లీటర్ల పాలవుతాయని, దూడ తాగే అసలు పాలు పాల సేకరణ కేంద్రంలో పోసుకోవచ్చని అమ్మేవాళ్లు చెబుతారు. చెప్పేది అబద్ధమేమీ కాదు. కానీ అది లీటరుకు లీటరు పెట్టి వేసిన లెక్క. బర్రెపాల దగ్గరికి వచ్చేసరికి అది బాగా తప్పుతుంది. వరంగల్, జనగామ, కరీంనగర్ పల్లెల్లో బర్రెపాడి మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఆ లెక్కను ఒకసారి విప్పి చూడాలి.

బర్రెపాలలో కొవ్వు సుమారు 7 శాతం, మాంసకృత్తులు 4 శాతం దాకా ఉంటాయి. నీళ్లు పోగా మిగిలే ఘనపదార్థం 16, 17 శాతం. అంటే లీటరులో 70 గ్రాముల కొవ్వు, 40 గ్రాముల మాంసకృత్తులు. పాలపొడిలో సాధారణంగా మాంసకృత్తులు 20 నుంచి 24 శాతం, కొవ్వు 12 నుంచి 20 శాతం మధ్య ఉంటాయి. మాంసకృత్తులు 22, కొవ్వు 16 శాతం ఉన్న రకాన్ని లీటరుకు 125 గ్రాముల చొప్పున కలిపితే, ఆ లీటరులో కొవ్వు 20 గ్రాములు, మాంసకృత్తులు 27, 28 గ్రాములు మాత్రమే. తల్లిపాలలో ఉండే కొవ్వులో మూడో వంతు కూడా రాలేదన్నమాట. ఆవుపాలతో పోలిస్తే ఇంత తేడా ఉండదు. అక్కడ కొవ్వు 35 నుంచి 40 గ్రాములు, ఘనపదార్థం 125 గ్రాముల దగ్గరే. పొడి కలిపే కొలత ఆవుపాలను చూసి పెట్టిందే, బర్రెపాలను చూసి కాదు.

ధరలు ఊరూరికీ, సీజన్‌కూ మారతాయి. ఎవరి అంకెలు వాళ్లు వేసుకోవాలి. ఉదాహరణకు పొడి కిలో 250 రూపాయలు, 7 శాతం ఫ్యాట్ బర్రెపాలకు లీటరుకు 55 రూపాయలు అనుకుందాం. లీటరు పొడిపాలకు 31 రూపాయలు పడుతుంది. దూడకు రోజుకు మూడు లీటర్లు, రెండు నెలలు పోస్తే 4,200కు పైగా మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ బర్రెపాలంత చిక్కదనం రావాలంటే లీటరుకు 165 గ్రాముల పొడి పడుతుంది. అప్పుడు లీటరు ఖర్చు 41 రూపాయలు దాటి, మిగులు రెండున్నర వేల దగ్గర ఆగుతుంది. అప్పటికీ కొవ్వు బర్రెపాలంత రాదు. సంకరజాతి ఆవుపాలు లీటరు 38 రూపాయలకు పోసేవాళ్లకైతే రెండు నెలల మిగులు వెయ్యి పైచిలుకు మాత్రమే. అందులోంచి నీళ్లు కాచే గ్యాస్, చనుబుడ్డి, రెండు పూటలా కడిగే శ్రమ తీసేస్తే మిగిలేది ఏమంత ఉండదు.

అయితే ఈ లెక్క మొత్తం ఒక ఊహ మీద నిలబడి ఉంది. ఇప్పుడు దూడ రోజుకు మూడు లీటర్ల తల్లిపాలు తాగుతోందన్నది ఆ ఊహ. చాలా ఇళ్లలో జరిగేది అది కాదు. పొద్దున దూడను విడుస్తారు, అది నాలుగు గుక్కలు కుడవగానే బర్రె చేపుతుంది, అంటే పాలు చన్నుల్లోకి దించుతుంది, వెంటనే లాగి గుంజకు కట్టేస్తారు. పిండడం అయ్యాక మళ్లీ విడుస్తారు. అప్పటికి పొదుగులో మిగిలింది దాని వంతు. మంచి ఇళ్లలో ఒక చన్ను దూడకని వదిలేస్తారు, కానీ కేంద్రంలో రేటు పెరిగినప్పుడల్లా ఆ చన్ను మీదా చెయ్యి పడుతుంది. నెల తిరిగేసరికి దూడకు దక్కేది లీటరో, లీటరున్నరో. చూసేవాళ్లకు రెండు పూటలా తల్లి దగ్గర కుడుస్తున్నట్టే కనబడుతుంది కాబట్టి ఆకలి మీద ఎవరికీ అనుమానం రాదు.

30 కిలోల దూడకు ఒళ్లు పెరగడం సంగతి పక్కన పెట్టి, ఉన్న బరువు నిలుపుకోవడానికే ఆవుపాలైతే రోజుకు దాదాపు రెండు లీటర్లు కావాలి. కొవ్వు ఎక్కువ కాబట్టి బర్రెపాలైతే లీటరూ పావు, లీటరున్నర సరిపోతాయి. 125 గ్రాముల లెక్కన కలిపిన పొడిపాలైతే రెండు లీటర్ల పైనే. ఆపైన తాగిందే ఎముకకూ కండకూ పోతుంది. దూడ బరువులో పదోవంతు పాలు అనే పాత సూత్రం ప్రకారం మూడు లీటర్ల పొడిపాలు పోస్తే, పెరగడానికి మిగిలేది ముప్పావు లీటరు. లీటరుతో సరిపెట్టుకునే దూడ మాత్రం రోజూ తన ఒంట్లోదే తింటూ బతుకుతుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకుని, పొట్ట ఉబ్బి, వీపెముక తేలిన దూడను చూసి రోగం అంటారు కానీ చాలాసార్లు అది ఆకలి.

పైగా బర్రెలు ఎక్కువగా ఈనేది వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా. మూడు వారాల లోపు దూడకు 15 డిగ్రీల కింద చలి తగిలితే ఒంటి వేడి నిలుపుకోవడానికి అదనంగా శక్తి ఖర్చవుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో వరంగల్‌లో ఆ స్థాయి మామూలే, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు పది డిగ్రీల కిందికీ దిగుతుంది. ఎండాకాలంలో సరిపోయిన పాలు ఆ రాత్రుల్లో సరిపోవు. తడి నేల మీద పడుకున్న దూడకు మరీ చాలవు. ఎండు వరిగడ్డి మందంగా పరిస్తే కొంత పాల ఖర్చు ఆదా చేసినట్టే.

కాబట్టి పొడిపాలను పోల్చాల్సింది కడుపునిండా దొరికే తల్లిపాలతో కాదు, ఇప్పుడు దూడ పడుతున్న పస్తుతో. అలా పోలిస్తే పొడి మిగులు చూపించదు, ఖర్చు చూపిస్తుంది. రోజుకు 400 గ్రాములు, రెండు నెలలకు 25 కిలోల సంచి ఒకటి. పై ధర ప్రకారం ఆరు వేలకు పైనే. ఆ డబ్బు తిరిగి వచ్చేది పాల బిల్లులో కాదు, పెయ్యదూడ పెద్దదయ్యాక. సరిగా మేపని బర్రె పెయ్య తొలి ఈత ఈనేసరికి నాలుగేళ్లు దాటడం అరుదేమీ కాదు. దూడప్పటి నుంచి తిండి పడ్డది మూడేళ్లకు అటూ ఇటూగా ఈనగలదు. పాలిచ్చే గ్రేడెడ్ ముర్రా (నాటు బర్రెకు ముర్రా జాతి కలిపిన) బర్రెను సంతలో కొనాలంటే లక్ష చుట్టూ తిరుగుతున్న రోజులివి. 2018లో రాష్ట్ర ప్రభుత్వం రాయితీ మీద పాడిపశువులు ఇచ్చినప్పుడు కూడా చాలావాటిని బయటి రాష్ట్రాల నుంచే తెచ్చారు. మన కొట్టంలో పుట్టిన పెయ్యను పస్తు పెట్టి, ఎక్కడో పెరిగిన బర్రెను అప్పు చేసి తెచ్చుకోవడం ఇక్కడి పాడిలో పాతుకుపోయిన నష్టం. పొడి గురించి మాట్లాడాల్సింది ఆ నష్టాన్ని చూసే.

దున్నదూడ సంగతి వేరు. ట్రాక్టర్లు వచ్చాక దానితో పని లేదు, దాని మీద ఆరు వేలు పెట్టమంటే ఎవరూ పెట్టరు, పెట్టమనడం కూడా అన్యాయమే. కానీ అది నెలలోపే చస్తే తల్లి చేపడం మానేస్తుంది, తన్నుతుంది. అప్పుడు పాలు దించే ఇంజెక్షన్ల వైపు చెయ్యి పోతుంది. అందుకని దున్నదూడకైనా ఒక చన్ను, కొంత పొడిపాలు పెట్టి నిలబెట్టుకోవడం పాల లెక్కలోనే లాభం.

పొడిని నమ్మిన రైతులు కొందరు మొదటి నెలలోనే దాన్ని అటకెక్కించేస్తారు. దూడ పారుకుందని, అంటే విరేచనాలు పట్టుకున్నాయని. తప్పు పొడిదే కానక్కర్లేదు. ఎక్కడ తేడా పడుతుందో తెలియాలంటే దూడ కడుపు పనిచేసే తీరు కొంచెం తెలియాలి. పుట్టిన దూడకు నాలుగు పొట్టలున్నా పనిచేసేది చివరిదొక్కటే. చప్పరించి తాగేటప్పుడు గొంతు నుంచి ఒక గాడి గొట్టంలా మూసుకుని పాలను నేరుగా ఆ నాలుగో పొట్టకు చేరుస్తుంది. అక్కడ పాలు పది నిమిషాల్లో గడ్డలా పేరుకుని, గంటల తరబడి నెమ్మదిగా కరుగుతాయి. దూడ గబగబా మింగినా, పాలు చల్లగా ఉన్నా, బలవంతంగా నోట్లో పోసినా ఆ గాడి సరిగా మూసుకోదు. పాలు మొదటి పొట్టలో పడి పులుస్తాయి. పొట్ట ఉబ్బుతుంది, తెల్లపారుడు మొదలవుతుంది.

అందుకే వెదురు గొట్టంతో, సీసాతో పట్టించే అలవాటు పొడిపాలకు అస్సలు పనికిరాదు. పైగా ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే దూడ న్యుమోనియాతో పోతుంది. రబ్బరు చన్ను ఉన్న బుడ్డిని తల్లి పొదుగంత ఎత్తులో పట్టుకుంటే దూడ మెడ చాచి తాగుతుంది. బకెట్‌తో తాగించాలంటే రెండు మూడు రోజులు వేలు నోట్లో పెట్టి చప్పరించడం నేర్పాలి. ఇదంతా ఓపిక పని. బర్రెదూడలు ఆవుదూడల కన్నా మొండివి, తల్లి వాసన తగలనిదే నోరు తెరవనివీ ఉంటాయి. అలాంటప్పుడు చేపు కోసం విడిచి, నాలుగు గుక్కలు కుడిచాక, అదే ఊపులో బుడ్డి అందిస్తే పని తేలికవుతుంది. దూడను పూర్తిగా తల్లి నుంచి విడదీసి పొడి మీదే పెంచాలని చెప్పే పద్ధతి పెద్ద ఫారాలది. రెండు బర్రెల ఇంటికి ఆ పట్టుదల అక్కర్లేదు. తల్లి దగ్గర కొంత, బుడ్డిలో కొంత అనే పద్ధతే ఇక్కడ నిలుస్తుంది.

నీళ్ల వేడి రెండో చిక్కు. కాచిన నీళ్లు 45, 50 డిగ్రీలకు చల్లారాక పొడి కలపాలి. మరిగే నీళ్లలో వేస్తే మాంసకృత్తులు దెబ్బతింటాయి, చల్లటి నీళ్లలో కొవ్వు కరగక పైన తేలుతుంది. తాగించేటప్పుడు దూడ ఒంటి వేడి అంత, అంటే 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటరు లేని ఇంట్లో ముంజేతి లోపలి వైపు చుక్క వేసుకుంటే కాస్త వెచ్చగా అనిపించాలి, చురుక్కుమనకూడదు. పొడిని తూకం వేయడం మూడోది. గ్లాసు కొలతతో రోజుకో రకంగా పడుతుంది, పలచనైతే ఆకలి, చిక్కనైతే విరేచనం. ఒకసారి తూకం వేసి, ఆ పొడి ఏ డబ్బాలో ఎంత ఎత్తు వస్తుందో గీత గీసుకుంటే చాలు. ఇంకో మెలిక ఉంది. లీటరు నీళ్లకు 125 గ్రాములు వేయడం, 125 గ్రాములు వేసి నీళ్లతో లీటరు చేయడం ఒకటి కావు. మొదటిది పలచన. సంచి మీద ఏది రాశారో చదవాలి. బర్రెదూడకు 150 గ్రాముల దాకా మెల్లగా పెంచుకుంటూ పోవచ్చు, కానీ పక్కన ఎప్పుడూ తాగే నీళ్లుండాలి.

సంచి మీద చూడాల్సింది కొవ్వు, మాంసకృత్తుల శాతం ఒక్కటే కాదు. మాంసకృత్తులు ఎక్కడి నుంచి వచ్చాయన్నది అంతకన్నా ముఖ్యం. వెన్న తీసిన పాలపొడి, వే పొడి (పాలు విరిగాక మిగిలే తేట నీళ్ల పొడి) నుంచి వచ్చినవి చిన్న దూడకు అరుగుతాయి. సోయా నుంచి వచ్చినవి మూడు వారాల లోపు సరిగా అరగవు. పీచు ఎంతో చూస్తే దొరికిపోతుంది. పాలలో పీచు ఉండదు కాబట్టి పీచు అర శాతం మించి ఉంటే మొక్కల సరుకు బాగానే కలిసిందని అర్థం. నెల దాటిన దూడకు అది పరవాలేదు, ధర కూడా తక్కువ ఉండాలి. కలిపిన పాలను పావుగంట కదపకుండా ఉంచితే అడుగున మడ్డి ఎంత దిగిందో కనబడుతుంది. గోధుమరంగు తిరిగి, గడ్డకట్టి, మాడిన వాసన వచ్చే పొడి ఎంత చవకైనా వద్దు. మరో మాట, కాఫ్ స్టార్టర్ వేరు, మిల్క్ రీప్లేసర్ వేరు. స్టార్టర్ నమిలి తినే దాణా. దాన్ని నీళ్లలో కలిపి తాగిస్తే పాలు కావు.

పొడి పలచగా ఉందనిపించి పంచదారో బెల్లమో వేసేవాళ్లున్నారు. దూడ పేగుల్లో పంచదారను విడగొట్టే ఎంజైమ్ లేదు. అది అరగక కిందికి దిగి నీళ్ల విరేచనమవుతుంది. గంజి, జావ కూడా మొదటి మూడు వారాలు అంతే, పిండిపదార్థం అరిగించే శక్తి అప్పటికి ఇంకా రాదు. పొదుగువాపు వచ్చిన బర్రె పాలు, మందు వాడుతున్న బర్రె పాలు కేంద్రానికి పనికిరావని దూడకు పోయడం కూడా మానాలి.

ఈనిన రోజు మాత్రం పొడి ఊసెత్తకూడదు. తల్లి కడుపులో ఉండగా దూడకు రోగనిరోధక శక్తి అందదు, జున్నుపాలతోనే అందాలి. పుట్టిన రెండు గంటల్లోపు మొదటి విడత, ఒక రోజులో బరువులో పదోవంతు దాకా తాగాలి. గంటలు గడిచేకొద్దీ పేగులు ఆ ప్రతిరక్షకాలను పీల్చుకునే దారి మూసుకుపోతుంది, రోజు దాటాక దాదాపు శూన్యం. మాయ పడేదాకా దూడను విడవొద్దనే నమ్మకం, వాడకట్టంతా జున్ను పంచాలనే మర్యాద, రెండూ ఇక్కడ దూడ మీదికే వస్తాయి. జున్ను మూడో పూట నుంచి చేసుకున్నా రుచిగానే ఉంటుంది. బర్రెదూడకు పదిహేను రోజులు తల్లిపాలే ఉంచి, ఆ తర్వాత పావు వంతు, సగం, ముప్పావు చొప్పున వారం పది రోజుల్లో పొడికి మార్చడం నిలకడైన పద్ధతి.

బర్రెదూడలకు ఉన్న మరో బెడద ఏలికపాములు. తల్లి ఒంట్లో దాగిన లార్వాలు మొదటి రోజుల పాలతోనే దూడకు చేరతాయి. పొడికి మార్చినంత మాత్రాన అవి పోవు, అప్పటికే లోపలికి వెళ్లిపోయి ఉంటాయి. పది, పదిహేను రోజుల వయసులో పశువుల దవాఖానలో అడిగి పురుగుల మందు పట్టించాలి. మట్టి రంగు, దుర్వాసన ఉన్న పారుడు, ఉబ్బిన పొట్ట కనిపిస్తే పొడిని తిట్టుకునే ముందు పురుగుల్ని అనుమానించాలి.

పారుకున్నా పాలు పూర్తిగా ఆపేయడం తప్పు. పాలు ఆపితే దూడ నీరసించి పోతుంది, పారుడు మాత్రం ఆగదు. రోజూ పోసే పాలను చిన్న చిన్న విడతలు చేసి, రెండు విడతల నడుమ రెండు గంటల ఎడం ఇచ్చి ఓఆర్‌ఎస్ పట్టించాలి. పాలలో కలిపి ఇస్తే పాలు కడుపులో పేరుకోవు. పంచదార, ఉప్పుతో ఇంట్లో కలుపుకునే నీళ్లు మనుషులకు పనికొచ్చినంతగా దూడకు పనికిరావు, పంచదార అరగదు కాబట్టి. గ్లూకోజ్ ఉన్న ప్యాకెట్టే కావాలి. కళ్లు లోపలికి పీక్కుపోయి, లేవలేకపోతే సెలైన్ ఎక్కించాల్సిందే, పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయడానికి ఆలోచించొద్దు.

ఇన్ని షరతులు చూశాక ఇది ఎవరికి పనికొస్తుందన్న ప్రశ్న వస్తుంది. తల్లి చచ్చిన దూడకు, పొదుగువాపుతో పాలు తగ్గిన బర్రె దూడకు తిరుగులేదు. పదీ ఇరవై సంకరజాతి ఆవులున్న ఫారాలకు కూడా సరిపోతుంది. మిగులు తక్కువైనా, అక్కడ రోజూ ఒకే కొలత, ఒకే వేడితో పోయగలగడం పెద్ద వెసులుబాటు. ఒకటీ రెండు బర్రెల ఇంటికి అడ్డొచ్చేది ధర ఒక్కటే కాదు, సంచి కూడా. ఒక దూడకు 25 కిలోల సంచి రెండు నెలలు వస్తుంది. వానాకాలంలో మూతి విప్పిన సంచి అంతకాలం ఆగదు, తేమ పట్టి గడ్డకడుతుంది. ఎండాకాలం రేకుల షెడ్డులో పెడితే కొవ్వు చెడి కారువాసన వేస్తుంది.

ఇక్కడే సహకార సంఘాలకు పని ఉంది. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో మహిళలు 2002లో మొదలుపెట్టిన పాల సంఘం స్వకృషి పేరుతో పాలు అమ్ముతూ నిలబడింది. కరీంనగర్ డెయిరీ, విజయ డెయిరీ సేకరణ కేంద్రాలు ఊళ్లలో ఉన్నాయి. పాల బిల్లు నుంచి కోసుకునే పద్ధతిలో దాణా ఇవ్వడం పాడి సంఘాలకు కొత్త కాదు. పాలపొడిని కూడా పెద్దమొత్తంలో తెచ్చి, వారానికి సరిపడా మూడు కిలోల చొప్పున తూకం వేసి, పెయ్యదూడ ఉన్న ఇళ్లకు బిల్లు మీద ఇస్తే సంచి చిక్కు తీరుతుంది. నాణ్యత పరీక్ష కూడా సంఘమే చేయించుకోవచ్చు. మామునూరు, కోరుట్ల పశువైద్య కళాశాలలు దగ్గరలోనే ఉన్నాయి, సలహాకు హైదరాబాద్ దాకా పోవాల్సిన పని లేదు. సంఘానికి మాత్రం ఇందులో ఒక ఇబ్బంది ఉంది. దూడలు బాగా తాగితే ఇవాళ కేంద్రానికి వచ్చే పాలు తగ్గుతాయి, పెరిగే పాలు మూడేళ్ల తర్వాతవి. పొడిని "పాలు మిగులుతాయి" అని కాకుండా "పెయ్య మిగులుతుంది" అని అమ్మగలిగిన సంఘానికే అది కుదురుతుంది.

పొడి ఎప్పుడు ఆపాలన్నది క్యాలెండర్ చూసి తేల్చేది కాదు. రెండో వారం నుంచే గుప్పెడు దాణా ముందు పెట్టాలి. మొదట మూతికి రాసినా చాలు. దాణా పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలే మొదటి పొట్ట లోపలి గోడను ఎదిగిస్తాయి, పాలతో అది ఎదగదు. దాణాకు కావాల్సినవి ఇక్కడివే. మక్కలు, పల్లి చెక్క, సోయా చెక్క, కొద్దిగా తవుడు, మినరల్ మిక్స్చర్, ఉప్పు. పాడిబర్రెకు అలవాటైన పత్తి చెక్క మాత్రం మూడు నాలుగు నెలల దాకా పెట్టకూడదు, అందులోని గాసిపాల్ చిన్న దూడకు విషం. దూడ వరుసగా మూడు రోజులు ముప్పావు కిలో నుంచి కిలో దాణా తింటే పొడి తగ్గించే వేళైనట్టే. సంకరజాతి ఆవుదూడలు రెండు నెలలకు అక్కడికి చేరతాయి, బర్రెదూడలకు చాలాసార్లు మూడో నెల పడుతుంది. ముందు సాయంత్రం పూట బుడ్డి ఆపి, వారం చూసి, దాణా తినడం తగ్గకపోతే పొద్దుటి బుడ్డి కూడా ఆపేయొచ్చు.